కోత తప్పిన కడుపు

ముందే ఒక మాట ఒప్పుకుంటాను. ఈ కథలో డాక్టరును దుర్మార్గుణ్ణి చేద్దామనే కూర్చున్నాను. చదివేవాళ్లు కోపగించుకోవడానికి ఒక మనిషిని చూపిస్తే రాసేవాళ్లకు సగం పని తప్పుతుంది. కానీ అరుణ సంగతి ఎటు తిప్పి రాసినా ఆ కోపం పోయి డాక్టరు మీద నిలబడలేదు. ఇక చేసేదేం లేక, జరిగింది జరిగినట్టే చెబుతున్నాను.

పంతొమ్మిది వందల ఎనభై నాలుగు, మార్చి నెల. హన్మకొండలో డాక్టర్ రాజేశ్వర్ రావు నర్సింగ్‌హోమ్‌లో మందుల గది అరుణది. పాలిటెక్నిక్‌లో ఫార్మసీ డిప్లొమా చేసి, ఇరవై రెండేళ్లకు ఒక కిటికీ, ఒక స్టూలు, ఒక కత్తెర సంపాదించుకుంది. డిప్లొమా సంగతి అక్కడెవరికీ పట్టలేదు. అందరూ "మందుల పిల్ల" అనేవారు. చీటీ వస్తే షీటు కత్తిరించాలి. మందు పేరూ, తేదీ చివరి ముక్క మీదే మిగిలేలా రెండో కొస నుంచి కత్తిరించాలి. పొట్లం కట్టి, చదువు రానివాళ్లకు పొద్దటి మాత్ర మీద సూర్యుణ్ణి, రాత్రి మాత్ర మీద చంద్రుణ్ణి గీయాలి. ఆమె గీసిన సూర్యుడు జొన్నరొట్టెలా ఉంటాడని ఆయా రాజక్క వెక్కిరించేది.

ఆ సంవత్సరం కొత్తగా వచ్చిన మాత్ర సిమెటిడిన్. కడుపులో ఊరే పులుపును తగ్గిస్తుంది. ఆ నర్సింగ్‌హోమ్‌లో దానికి ఒకటే పని. కడుపు ఆపరేషన్ ఉన్నవాళ్లకు ముందు రాత్రి ఒకటి, తెల్లవారి ఒకటి. మత్తులో ఉన్నప్పుడు కడుపులోని పులుపు పైకి తన్ని ఊపిరితిత్తుల్లోకి దిగితే ప్రాణం మీదికొస్తుంది కాబట్టి. రెండు మాత్రలు, తర్వాత కత్తి.

డబ్బాలో ఎనిమిది మడతల కాగితం ఒకటి ఉండేది, ఆవగింజలంత అక్షరాలతో. కిటికీ దగ్గర ఎవరూ లేనప్పుడు అరుణ దాన్ని చదివేది. చదవడానికి ఇంకేం లేక. మత్తు సంగతి ఆ కాగితం అడుగున ఎక్కడో ఉంది. అన్నిటికంటే పైన ఉన్నది వేరే సంగతి. పేగు మొదట్లో పడే పుండు ఆరు నుంచి ఎనిమిది వారాలు ఈ మాత్ర వేసుకుంటే చాలామందికి కోత లేకుండానే మానుతుందని. మొదట చదివినప్పుడు అరుణ కాగితాన్ని తిప్పి వెనక కూడా చూసింది, అక్కడ ఏమైనా "కానీ" ఉందేమోనని. ఉంది, చిన్నగా. ఆపితే కొందరికి మళ్లీ రావచ్చని.

ఆదివారం సాయంత్రం కట్టయ్య చేరాడు. నలభై ఎనిమిదేళ్ల మనిషి. సొంతూరు వర్ధన్నపేట దగ్గర. ఇరవై ఆరేళ్లుగా వరంగల్ మిర్చి యార్డులో హమాలీ. యార్డు వెనక గుడిసెల్లోనే కాపురం. సున్నంలాంటి మందు తాగించి తీసిన ఎక్స్‌రేలో పేగు మొదట్లో పుండు కనిపించింది. సోమవారం ఆపరేషన్. మంచం మీద పడుకోమంటే పడుకోలేదు. మోకాలు కడుపులోకి ముడుచుకుని, మంచం కోడుకు ఆనుకుని నేల మీద కూర్చున్నాడు.

"పైన కూసో కాకా, మంచం కిరాయి నీదే," అంది రాజక్క.

"ఒత్తుకుంటే జర నిమ్మళంగుంటదవ్వా," అన్నాడు. భార్య మొగిలమ్మ పక్కన నిలబడి, ఆయన వీపు మీద చెయ్యి వేసి, గోడను చూస్తూ ఉంది.

రాత్రి మాత్ర వెళ్లింది. తెల్లవారి మాత్ర వెళ్లింది. తొమ్మిదింటికి తెలిసింది, మత్తు డాక్టరు రావట్లేదని. ఖమ్మంలో వాళ్ల మామ పోయాడట. ఇక శుక్రవారమే.

అక్కడ జరిగింది చిన్న పొరపాటు. పొరపాటని కూడా అనలేం. మంచానికి వేలాడే అట్ట మీద "రాత్రి ఒకటి, పొద్దున ఒకటి" అని రాసి ఉంది. ఆపరేషన్ వాయిదా పడింది కానీ ఆ గీతను ఎవరూ కొట్టెయ్యలేదు. చీటీ వచ్చేది, అరుణ రెండు మాత్రలు కత్తిరించేది. సోమవారం, మంగళవారం, బుధవారం. మంగళవారం చీటీకి ఆమె కత్తెర ఒకసారి ఆగింది. రాజక్కను పిలిచి చెబుదామనుకుంది. మళ్లీ ఏమనుకుందో, మాత్రలు కత్తిరించి, చంద్రుణ్ణి గీసి పంపింది.

*

మందుల గదికీ వార్డుకూ మధ్య ఒక చెక్క తలుపు. అది ఎప్పుడూ సరిగా పడేది కాదు. మంగళవారం మధ్యాహ్నం కట్టయ్య జట్టు వచ్చింది. ఆరుగురు హమాలీలు, చేతిలో అరటిపండ్లు, బట్టల్లో మిరప ఘాటు. వార్డులో సగం మంది తుమ్మారు. ముందు నిలబడ్డవాడు జట్టు మేస్త్రి ఉప్పలయ్య.

"ఏందే అన్నా, గింత తెల్లగైనవ్? పెండ్లికొడుకు లెక్కున్నవ్."

"నీళ్లతోటి కడిగిండ్లు తమ్మీ. ఇరవై ఆరేండ్ల కారం దిగింది."

"కోత ఎప్పుడంట?"

"శుక్కురారం."

"కానియ్. ఫికర్ చెయ్యకు. వెంకట్రాజం కాక పోయిన కాంచి సుతిలి జాగ ఖాళిగనే ఉంచిన. కుట్లిప్పంగనే వచ్చి కూసో. దబ్బనం తుప్పు పడతాంది."

అరుణకు మొదట అర్థం కాలేదు. వాళ్లు వెళ్లాక రాజక్క చెప్పింది. ఆమె తమ్ముడు కూడా యార్డులోనే పనిచేసేవాడు.

జట్టులో పద్దెనిమిది మంది. కూలి ఎంత వచ్చినా అందరికీ సమానం. బస్తా మోసినవాడికీ అంతే, కాంట మీదికి ఎత్తినవాడికీ అంతే, నీడలో కూర్చుని దబ్బనంతో, సుతిలి తాడుతో సంచి మూతులు కుట్టినవాడికీ అంతే. కుట్టే జాగ, వెంకట్రాజం కూర్చున్నది, ఒక్కటే. దాని కోసం ఒకప్పుడు కొట్లాటలయ్యాయి. నడుం నొప్పి అని ఒకడు, కండ్లు తిరుగుతున్నాయని ఒకడు. ఒకడైతే నెల రోజులు కుంటుతూ తిరిగి, జాతరలో ఎగిరి చిందులేశాడు. అప్పటినుంచి ఒక కట్టుబాటు. కోత పడ్డవాడికే ఆ జాగ. అంగీ లేపితే కుట్లు కనపడాలి.

"నొప్పి ఎవ్వలకు కనవడ్తది చెప్పు?" అంది రాజక్క. "కుట్లయితే గుడ్డోనికి సుత చేతికి తగుల్తయి."

అరుణ నవ్వింది. ఆ సాయంత్రం పొట్లాలు కడుతుంటే ఆ నవ్వు ఏమయిందో ఆమెకే తెలియలేదు.

బుధవారం పొద్దున్నే మొగిలమ్మ కొంగు చాటున ఏదో తెచ్చి మంచం కింద పెట్టింది. కాసేపటికి తలుపు సందులోంచి వాసన వచ్చింది. జొన్నరొట్టె, పండుమిర్చి తొక్కు. కడుపు పుండు మనిషి గంజీ పాలన్నం తప్ప ముట్టకూడదు. అరుణ కత్తెర పక్కన పడేసి వార్డులోకి ఉరికింది.

కట్టయ్య మంచం మీద కాళ్లు కిందికి వేలాడేసి కూర్చున్నాడు. రొట్టె ముక్కతో తొక్కును పళ్లెం అంచుదాకా నెట్టి, మడిచి, నోట్లో పెట్టుకున్నాడు. తొందర లేదు. నమిలే ప్రతిసారీ చెవి పక్కన నరం లేచి పడుతోంది. మోకాలు కడుపులోకి ముడవలేదు.

"కాకా! తొక్కు తింటున్నవా? శుక్రవారం ఆపరేషన్ పెట్టుకొని?"

మొగిలమ్మ పళ్లెం లాక్కోబోయింది. కట్టయ్య ఇవ్వలేదు.

"మూడేండ్లాయె బిడ్డా. దాని రంగు సుత మర్శిపోయిన."

"నొప్పి లేస్తలేదా?"

ఆయన సమాధానం చెప్పే ముందు అటూ ఇటూ చూశాడు. "నిన్న మాపటాళ్ల నుంచి లే."

అరుణ పక్క మంచం వాళ్లకు వినపడకుండా గొంతు తగ్గించింది. ఆ మాత్ర గురించి చెప్పింది. ఆరు వారాలు, ఎనిమిది మడతల కాగితం, పుండు మానడం. "నీకు కోతే అక్కర్లేదు కాకా! నేను సార్‌తో మాట్లాడ్త."

కట్టయ్య పళ్లెం పక్కన పెట్టాడు. మూతి తుడుచుకున్నాడు. ఆయన ముఖంలో అరుణ చూస్తాననుకున్నది కనిపించలేదు.

"నువ్వు నా బిడ్డసొంటి దానివి. ఒక్క మాటింటవా?"

"చెప్పు."

"నొప్పి తగ్గిందన్నది ఎవ్వలకు చెప్పకు."

అరుణ ఎందుకని అడగబోయింది. ఆయనే మెల్లగా, నచ్చచెబుతున్నట్టు మాట్లాడాడు. "మిర్చి బస్తాకు బరువు తక్వ, ఘాటెక్వ. వడ్ల బస్తా గట్ల కాదు. మీద వడ్డదంటే మెడల కెల్లి మడిమెదాంక దిగుతది. రోజుకు నూరు బస్తాలు ఎత్తేటోన్ని, గిప్పుడు అరవై కాంగనే కాళ్లు వణుకుతానయి. ఇంకో రెండేండ్లు, గంతే. జట్టోళ్లు మంచోళ్లే. కోత పడ్డోనికి జాగ ఇస్తరు. కోత లేనోనికి ఎందుకిస్తరు? నేనే మేస్త్రినైతే నేనియ్య."

"అంటే జాగ కోసం కడుపు కోయించుకుంటవా?"

"నొప్పికే వచ్చిన బిడ్డా, అబద్ధమెందుకు. పాణం పోతదనే వచ్చిన. వచ్చినంక జాగ నాకే అని తెల్సింది." ఆయన కొద్దిగా నవ్వాడు. "గిప్పుడు నొప్పి పోయింది. జాగ సుత పోవాన్నా?"

మొగిలమ్మ పళ్లెంలో మిగిలిన తొక్కును వేలితో తీసి, నీళ్లతో కడిగి, కొంగు చాటున పెట్టుకుంది.

*

గురువారం పొద్దున డాక్టరు భార్య కళావతి మేడ మీద నుంచి దిగి కిటికీ దగ్గరికొచ్చింది. తలకు నూనె, చేతిలో తాళాల గుత్తి.

"అరుణా, ఆ కొత్త మాత్ర షీటు ఒకటియ్యమ్మా. సార్‌వి అయిపోయినయి."

"ఏ మాత్ర మేడం?"

"అదే, మంటకు. సిమె... ఏదో ఉన్నది కదా. రెండు నెలల నుంచి వేసుకుంటాండు. అవి లేకుంటే చిరాకు, ఇల్లు పీకి పందిరేస్తడు."

అరుణ షీటు తీసిచ్చింది. కత్తిరించకుండా, నిండు షీటు. ఆమె మెట్లెక్కి వెళ్లాక స్టూలు మీద కూర్చుని కత్తెర తెరిచి మూసింది, తెరిచి మూసింది. కట్టయ్యకు మాట ఇవ్వలేదు కదా అనుకుంది. ఇవ్వలేదు నిజమే, కాదని కూడా అనలేదు. డాక్టరు గారి కడుపుకు మాత్ర, హమాలీ కడుపుకు కత్తి. ఈ వాక్యం ఆమెకు ఎంత నచ్చిందంటే, అది తలలో తిరుగుతుంటే కట్టయ్య మాట వినపడలేదు. పైగా ఆమె దగ్గర ఒక ఉపాయం ఉంది. కాగితం. బరువులెత్తకూడదని డాక్టరుతో రాయిస్తే సరిపోతుంది. కోతా తప్పుతుంది, జాగా దొరుకుతుంది. డిప్లొమా చదివిన మనిషికి కాగితం మీద నమ్మకం ఉండటం తప్పు కాదు.

పదకొండింటికి రౌండ్లు అయ్యాక రాజేశ్వర్ రావు గదిలోకి వెళ్లింది. ఆయన చేతులు కడుక్కుంటున్నాడు. మోచేతుల దాకా, వేళ్ల సందుల్లో, అలవాటుగా.

"సార్, ఆరో నంబర్ మంచం కట్టయ్యకు నొప్పి లేదంట. నాలుగు రోజుల నుంచి మాత్ర పోతాంది సార్. అట్ట మీద కొట్టెయ్యలేదు."

ఆయన తువ్వాలు అందుకున్నాడు. "నాలుగు రోజులా? ఎవరు పంపిన్రు?"

"నేనే సార్."

కోప్పడతాడనుకుంది. కోప్పడలేదు. కుర్చీలో కూర్చున్నాడు.

"మాత్ర పనిచేస్తదని నాకు తెల్వదనుకున్నవా?"

"మీరు వేసుకుంటున్నరు కదా సార్." అనేశాక నాలుక కరుచుకుంది.

ఆయన ఆమె వైపు చూశాడు, మొదటిసారి చూస్తున్నట్టు. "వేసుకుంటున్న. ఆపితే మళ్ల మంట. మళ్ల వేసుకుంట. మా ఇంట్ల యాది చేసేటోళ్లున్నరు, షీటు తెచ్చిచ్చేటోళ్లున్నరు. హమాలి మనిషి నొప్పి తగ్గినంక ఎన్ని రోజులు మింగుతడు? మూడు రోజులు. ఆర్నెల్లకు పేగు చిల్లు పడి ఎడ్లబండిల వస్తడు. అప్పుడు కోసినా బతుకుతడన్న గ్యారంటీ లేదు. ఒక్కసారి కోస్తే పీడ వోతది. ఇది నేను పైసల కోసం చెప్తలేను. కొంచెం పైసల కోసం సుత అనుకో." ఆయనే నవ్వాడు. అరుణ నవ్వలేదు.

"మింగేలాగ నేను చూసుకుంట సార్. వారం వారం రమ్మంట. శాంపిళ్లు ఉన్నయి కదా, కంపెనీ ఆయన ఇచ్చిపోయినవి."

ఆయన పెన్ను మూత తిప్పి బిగించాడు. తర్వాత లేచి వార్డులోకి నడిచాడు. కట్టయ్య అంగీ పైకి లేపి, రొమ్ము కింద వేళ్లతో మెల్లగా నొక్కాడు.

"నొప్పి ఉన్నదా?"

కట్టయ్య చూపు డాక్టరు భుజం మీదుగా వెళ్లి అరుణ మీద ఆగింది. ఒక్క క్షణమే.

"ఉన్నది సార్."

"ఇక్కడ?"

"ఆ."

"ఇక్కడ?"

"ఆ, ఆడ సుత."

డాక్టరు వేళ్లు తీసేశాడు. నలభై ఏళ్లుగా కడుపులు నొక్కిన చేతులవి. నొప్పి ఉన్న కడుపు నొక్కితే బిగుసుకుంటుంది. ఇది పిండి ముద్దలా మెత్తగా ఉంది. "ఆరు వారాలు మాత్రలు వాడు. ఆపరేషన్ అవసరం లేదు ఇప్పుడు. రేపు ఇంటికి పో."

వార్డులో ఎవరో "అదృష్టమే అన్నా" అన్నారు. కట్టయ్య అంగీ కిందికి లాక్కుని గుండీలు పెట్టుకున్నాడు. మధ్యలో ఒకటి ఊడిపోయి ఉంది. దాని చోట వేలితో రెండుసార్లు తడిమాడు.

శుక్రవారం వెళ్లేటప్పుడు అరుణ పద్నాలుగు మాత్రలు పొట్లాలు కట్టి, ఏడు సూర్యులనూ ఏడు చంద్రులనూ జాగ్రత్తగా గీసి ఇచ్చింది. డాక్టరు లెటర్‌హెడ్ మీద ఆయన చేత ఇంగ్లీషులో రాయించి, సంతకం, ముద్ర వేయించిన కాగితం కూడా ఇచ్చింది.

"ఇది ఉప్పలయ్యకు చూపియ్యి. బరువులు ఎత్తొద్దని సారే రాసిండు. వచ్చే శుక్రవారం మళ్ల రావాలె, మిగిలిన మాత్రలకు."

కట్టయ్య రెండు చేతులా తీసుకున్నాడు. తిట్టలేదు. తిట్టినా బాగుండేదని అరుణకు తర్వాత అనిపించింది. "మంచిది బిడ్డా," అని నడిచాడు. గేటు దగ్గర మొగిలమ్మ మాత్రం వెనక్కి తిరిగింది.

"కడుపైతే బతికింది అవ్వా," అంది. మొగుని వెనక పోయింది.

*

తర్వాతి శుక్రవారం ఆయన రాలేదు. శనివారమూ రాలేదు. ఆదివారం యార్డుకు సెలవు. సోమవారం మధ్యాహ్నం అరుణ సెలవు చీటీ రాసిచ్చి, మిగిలిన శాంపిళ్లు సంచిలో వేసుకుని వరంగల్ బస్సెక్కింది.

యార్డు గేటు ముందే కళ్లు మండడం మొదలయింది. ఎర్రటి రాశులు, వాటి మధ్య దారులు, ముక్కుకు గుడ్డ కట్టుకుని తాలు కాయలు ఏరుతున్న ఆడవాళ్లు. చున్నీ మూతికి అడ్డం పెట్టుకుని, దగ్గుతూ, అడుగుతూ పోయింది. కాంట దగ్గర ఉప్పలయ్య ఆమెను గుర్తుపట్టాడు.

"ఓ, దవఖాన పిల్ల! రా బిడ్డా. ఛాయ్ తాగుతవా?"

"కట్టయ్య కాక ఎక్కడున్నడు?"

"గా లారీ కాడ. వస్తడు కూసో."

కూర్చోమని ఆయన చూపించిన చోట ఒక గోనె పట్టా పరిచి ఉంది. పక్కన సుతిలి ఉండ, దానికి గుచ్చిన దబ్బనం. ఎవరూ లేరు.

"నేను పంపిన కాగితం చూసిన్రా?"

"చూసిన." ఉప్పలయ్య అంగీ జేబులోంచి మడతలు నలగకుండా దాన్ని తీశాడు. ప్లాస్టిక్ కవర్లో పెట్టుకున్నాడు. "మంచిగున్నది. ముద్ర సుత ఉన్నది. జట్టుల చదివిపిచ్చిన. అందరు ఏమన్నరో చెప్పాన్నా? ఇట్లాంటి కాగితాలు మేం పదిహేడు తెస్తమన్నరు. తప్పు పట్టకు బిడ్డా. ఒక్కని బరువు పదిహేడు మంది మొయ్యాలె. పదిహేడు మంది నమ్మాలె."

"మరి ఈ జాగ?"

"వానిదే. ఇంకోనికి ఇస్తనా? ఇరవై ఆరేండ్ల మనిషి." ఉప్పలయ్య గొంతులో నిజమైన ప్రేమే ఉంది. "మళ్ల నొప్పి లేస్తదట కదా, వాడే చెప్పిండు. లేవంగనే ఈసారి నేనే దగ్గరుండి తోల్కపోత. కోత పడనీ, జాగ ఏడికి పోతది!"

లారీ దగ్గర్నుంచి కట్టయ్య వచ్చాడు. వీపు మీద వడ్ల బస్తా, చేతిలో ఇనుప కొండి. బస్తా దించి నిలబడ్డాడు. నడుం వెంటనే నిటారు కాలేదు. రెండు విడతలుగా లేచింది. అరుణను చూసి తలగుడ్డ విప్పి ముఖం తుడుచుకున్నాడు.

"వచ్చినవా బిడ్డా. గీ దుమ్ములకు ఎందుకొచ్చినవ్?"

"శుక్రవారం రాలే నువ్వు. మాత్రలు అయిపోయుంటయి కదా, తెచ్చిన."

ఆయన బొడ్లోంచి ఒక గుడ్డ మూట తీశాడు. విప్పాడు. పొట్లాలు. ఆమె గీసిన సూర్యులు, చంద్రులు. మూడు సూర్యులు, మూడు చంద్రులు లేరు. మిగిలినవన్నీ ఉన్నాయి, చెమటకు కొంచెం చెదిరి.

"మూడు రోజులు మింగిన. మొగిలి ఒత్తిడి చేస్తే. బందు చేసిన."

"మళ్ల వస్తది కాకా."

"రావాలె గద బిడ్డా."

"ఈసారి చిల్లు పడితే? సార్ చెప్పలేదా? పాణం మీదికొస్తది."

ఆయన దబ్బనం వైపు చూశాడు, ఆ తర్వాత లారీ వైపు. లారీలో ఇంకా సగం బస్తాలున్నాయి. "అంత దాంక రానియ్య. జర లేవంగనే పోత. నిన్న పొద్దుగాల్ల కొద్దిగ లేసినట్టే అనిపిచ్చింది," అన్నాడు. పొలం మీద మబ్బు కనబడిందని చెప్పే మనిషి గొంతు అది.

అరుణ సంచిలోంచి శాంపిళ్లు తీసింది. ఏం చెప్పాలో ఆమె బస్సులో అనుకుంటూ వచ్చింది. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి, మరవద్దు. చెప్పలేదు. కట్టయ్య తన చేతిలోని మూటను మడతలు సరిచేసి, మళ్లీ కట్టి, ఆమె చేతిలోని శాంపిళ్ల మీద పెట్టాడు. రెండూ కలిపి ఆమె వేళ్లను తన వేళ్లతో మూశాడు. ఆ వేళ్ల కొనలు ఎర్రగా, పగిలి ఉన్నాయి.

"నొప్పి తగ్గాలనుకునేటోళ్లకు ఇయ్యి బిడ్డా. శానా మందుంటరు."

లారీ మీద నుంచి ఎవరో కేకేశారు. కట్టయ్య తలగుడ్డ చుట్టుకుని పోయాడు. వీపు వంచి, కొండి వెనక్కి పట్టుకుని నిలబడ్డాడు. పైన ఇద్దరు బస్తాను అంచుకు దొర్లించారు. ఉప్పలయ్య అరుణకు ఛాయ్ గ్లాసు తెచ్చిచ్చాడు. ఆమె దాన్ని పట్టుకుని, దబ్బనం పక్కన ఆ ఖాళీ గోనెపట్టా మీద కూర్చోలేక, నిలబడే తాగింది.

మీ ఇంట్లోనో, మీ వాడలోనో ఎవరి కడుపు మీదైనా ఆ కాలపు నిలువు గీత ఉంటే, అది ఎందుకు పడిందో ఒకసారి అడగండి. నొప్పికే అని ముందు చెప్తారు. కాస్త ఆగి మళ్లీ అడగండి. వాళ్లు ఏం చెప్పారో నాకు రాయండి. అరుణ చేసింది మంచో చెడో తేల్చుకోవడానికి నాకు ఒక్క కట్టయ్య సరిపోవడం లేదు.